హెంప్ తువ్వాలు కొనవచ్చు, హెంప్ తాడు అక్కర్లేదు

పర్యావరణానికి మేలు చేసే వస్తువులంటూ హెంప్ అనే నార మొక్కతో చేసిన సరుకులు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి తాడు, చేతిసంచి, చొక్కా, తువ్వాలు, పొట్టు తీసిన గింజలు, గింజల నూనె, ఒక కట్ట ముడి నార తెప్పించాను. ఎండలు ముదిరినప్పటి నుంచి తుపాన్ల కాలం ముగిసేదాకా వాటిని కోనసీమలోని మా ఇంట్లోను, పశువుల పాకలోను, వైనతేయ (గోదావరి పాయ) ఒడ్డున రేవులోను వాడి చూశాను. హెంప్ పత్తి కంటే మేలని, గోనె కంటే మేలని, నైలాన్ కంటే మేలని, చివరికి ఇటుక కంటే కూడా మేలని ఆ దుకాణం వారి ప్రచారం. ఇన్నింటిని మించిన సరుకు ఒకటి ఉంటే తక్కినవన్నీ ఈపాటికే మూలన పడి ఉండాలి కదా అన్న అనుమానంతోనే వాడకం మొదలుపెట్టాను. తడిసి వెంటనే ఆరే అవకాశమున్న పనులకు ఈ నార చక్కగా అమరింది. తడి వదలని పనులకు మాత్రం మన కొబ్బరి పీచు ముందు నిలవలేదు. డెల్టాలో తడి వదలని చోట్లే ఎక్కువ కాబట్టి, ఏ వస్తువు కొనాలో ఏది వదిలేయాలో కొంచెం వివరంగానే రాస్తున్నాను.

హెంప్ అంటే గంజాయి జాతికే చెందిన మొక్క. శాస్త్రీయ నామం రెండింటికీ కానాబిస్ సటైవాయే. నార కోసం పెంచే రకాల్లో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం నామమాత్రంగా ఉంటుంది. అమెరికాలో 2018 నాటి వ్యవసాయ చట్టం దానికి 0.3 శాతం పరిమితి పెట్టింది. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం గంజాయిని నిషేధిస్తూనే, నార కోసమో గింజల కోసమో చేసే సాగుకు 14వ సెక్షన్ కింద ప్రభుత్వం అనుమతి ఇచ్చే వీలు ఉంచింది. ఆ వీలును అనుసరించి 2018లో ఉత్తరాఖండ్ అన్ని రాష్ట్రాల కంటే ముందుగా హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. మన్యం నుంచి తరలిస్తూ పట్టుబడిన గంజాయి వార్తలు తరచూ చదివే మన జిల్లాల వారికి ఈ తేడా ఒక పట్టాన మింగుడుపడదు. పార్సిల్ తెచ్చిన కుర్రవాడు పెట్టె మీద అచ్చువేసిన ఆకు బొమ్మ చూసి, "ఇందులో ఏముందండీ బాబూ, నన్ను ఇరికించరు కదా" అని అడిగాడు. అమ్మేవారు ముందుగా చేయవలసిన పని ఆ బొమ్మ తీసేయడం.

తాడుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ తాడు లేనిదే పూట గడవదు. పశువుకు పలుపు కావాలి, పడవను రేవులో కట్టాలి, గడ్డిమోపు బిగించాలి, రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్ కొట్టుకుపోకుండా ఆపాలి. నాకు వచ్చినది చూపుడువేలంత లావున్న మూడు పేటల తాడు. లేత గోధుమరంగులో, చేతికి మెత్తగా, పురి ఎక్కడా సడలకుండా ఉంది. పేనిన తీరుకు వంక పెట్టలేము. దాన్ని ముక్కలు చేసి పెరట్లో దండెంగా ఒకటి, గేదెకు పలుపుగా ఒకటి, రేవులో నాటు పడవ కట్టడానికి ఒకటి వాడాను.

దండెంగా ఎండాకాలమంతా అది బాగా పనిచేసింది. నైలాన్ దండెం మీద నాలుగు తడి దుప్పట్లు వేస్తే సాగి నేల వైపు వంగుతుంది. హెంప్ నార తెగే ముందు కూడా నూటికి రెండు మూడు వంతులకు మించి సాగదు కాబట్టి ఆ తాడు కట్టిన చోట కట్టినట్టే నిలిచింది. వానలు పడ్డాక సంగతి మారింది. తడిసినప్పుడు నార ఉబ్బుతుంది, నార ఉబ్బితే తాడు లావెక్కి పొడవు తగ్గుతుంది. మొదటి పెద్ద వానకే దండెం బిర్రబిగుసుకుని గోడలోని కొక్కేన్ని వంచేసింది. ముడి విప్పడానికి చేతివేళ్ళు చాలక మేకు దూర్చవలసి వచ్చింది. వాన వచ్చే ముందు దండెం వదులు చేసుకోగల ఓపిక ఉన్నవారికి ఇది లోపమే కాదు.

పలుపుగా వాడినప్పుడు ఒక సుగుణం, రెండు దోషాలు కనిపించాయి. కొబ్బరి తాడు ఒరిపిడికి గేదె మెడ మీద వెంట్రుకలు రాలి చర్మం కమిలిపోతుంది. హెంప్ పలుపు కింద అటువంటి మచ్చ ఏదీ పడలేదు. కాని పశువు ఒక్కసారిగా గుంజినప్పుడు కొబ్బరి తాడు కొంత సాగి ఆ ఊపును తనలోకి తీసుకుంటుంది. ఆ పీచు తెగే లోపు నూటికి పదిహేను వంతుల పైనే సాగుతుంది. సాగని హెంప్ తాడుతో ఆ ఊపంతా గుంజ మీద పడి, గుంజే ఊడి వచ్చింది. రెండో దోషం, పేడా మూత్రమూ కలిసిన నేల మీద పడి ఉండే కొస భాగం మిగతా తాడు కంటే ఎంతో ముందే చివికిపోయింది.

అసలు పరీక్ష రేవులో జరిగింది. వైనతేయలో పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఎగదన్ని, పాటు తీసినప్పుడు బురద బయటపడే చోట మా పడవ ఉంటుంది. అక్కడ కట్టిన తాడు రోజులో సగం మునిగి ఉంటుంది, మిగతా సగం ఆరీ ఆరకుండా ఉంటుంది. ఒకే కొయ్యకు హెంప్ తాడు, కొబ్బరి తాడు పక్కపక్కనే కట్టి వదిలేశాను. వానలు ముదిరేసరికి హెంప్ తాడు పైకి కొంచెం నల్లబడింది తప్ప చెడిన జాడ ఏమీ లేదు. దాన్ని ఒడ్డుకు తెచ్చి పురి వెనక్కి తిప్పి మూడు పేటలూ విడదీసి చూశాను. బయటి పోగులు గట్టిగానే ఉన్నాయి కాని, పేటలు ఒకదానికొకటి ఆనుకునే లోపలి వైపు, గాలి తగలక తడి ఆరని చోట, నార బూడిదరంగుకు తిరిగి ఉంది. గోటితో గీరితే పొడిగా రాలింది, ముక్కిన వాసన కొట్టింది. పక్కనున్న కొబ్బరి తాడు చూడటానికి దీనికంటే అధ్వానంగా ఉంది, ఒళ్ళంతా నాచు పట్టి, బురద అంటి, ముట్టుకోవాలనిపించకుండా ఉంది. దాని పేటలు విప్పితే మాత్రం లోపలి పీచు గోధుమరంగు పోకుండా ఉంది, రెండు చేతులా లాగితే గాని తెగలేదు. హెంప్ తాడు పైకి బాగుండి లోపల పాడవుతుంది కాబట్టి, బరువు మోసే పనికి వాడేవారు తప్పక అప్పుడప్పుడు పురి విప్పి లోపల చూసుకోవాలి. తెరచాప ఓడల వారు వెనకటికి హెంప్ తాళ్ళకు తారు పట్టించేవారు. 19వ శతాబ్దంలో ఫిలిప్పీన్స్ నుంచి అబాకా నార తాళ్ళు వచ్చాక, తారు అవసరం లేకుండానే ఉప్పునీటిని తట్టుకుంటున్నాయని చాలామంది అటు మళ్ళారు.

ఈ తేడాకు కారణం నారలోనే ఉంది. మొక్క నారలన్నింటిలో సెల్యులోజ్ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచి గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థమూ ఉంటుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ నూటికి 40 వంతుల దాకా, గోనెలు నేసే జనుపనార (జూట్)లో 12 వంతుల చుట్టూ, హెంప్ నారలో నాలుగైదు వంతులు మాత్రమే ఉంటుంది. బూజుకూ సూక్ష్మజీవులకూ సెల్యులోజ్ సులభంగా లొంగుతుంది, లిగ్నిన్ అంత సులభంగా లొంగదు. కొబ్బరి పీచు ముతకగా ఉండటానికి, నీటిలో ఏళ్ళ తరబడి నిలవడానికి కారణం ఒక్కటే. హెంప్ ఒంటికి మెత్తగా తగలడానికి, రేవులో చివికిపోవడానికి కూడా ఆ పదార్థం తక్కువగా ఉండటమే కారణం. దుకాణం వారి ప్రచారంలో మెత్తదనమూ మన్నికా ఒకే వాక్యంలో ఉన్నాయి. ఏ పనికి ఎంత మన్నిక అన్నది కూడా రాస్తే బాగుండేది.

నైలాన్, పాలిప్రొపిలీన్ తాళ్ళతో హెంప్‌కు నీటిలో పోటీ లేదు. అవి కుళ్ళవు; పాలిప్రొపిలీన్ తడి పీల్చదు, నైలాన్ కొద్దిగానే పీలుస్తుంది. ఎండకు మాత్రం పైపోగులు పెళుసెక్కి నూగులా లేచి, తెగి, కాలువల్లోనూ చెరువుల్లోనూ కలుస్తాయి, అక్కడే ఉండిపోతాయి. ఆ కారణంగా ప్లాస్టిక్ తాడు వద్దనుకునేవారు మన ప్రాంతంలో చూడవలసింది హిమాలయాల నార వైపు కాదు. పీచు మిల్లులకు కొదవ లేని కోనసీమలో, ఆ హెంప్ తాడుకు ఇచ్చిన డబ్బుతో కొబ్బరి తాడు చుట్టలకు చుట్టలు వస్తుంది.

బట్టల విషయానికి వస్తే నా అభిప్రాయం పూర్తిగా వేరు. చొక్కా మొదటి రోజు గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిరుసుగా ఉండి మెడ దగ్గర గుచ్చుకుంది. ఉతుకుతున్న కొద్దీ మెత్తబడి, వానాకాలం నాటికి పాత నూలు చొక్కా అంత హాయిగా తయారైంది. మన ఉక్కపోతలో ఏ గుడ్డకైనా చెమట పీల్చుకోవడమే మొదటి పరీక్ష. గాలిలోని తేమను పీల్చుకునే గుణాన్ని నూలు వ్యాపారంలో ఒక అంకెతో చెబుతారు; అది పత్తికి ఎనిమిదిన్నర శాతం, హెంప్‌కు 12 శాతం, పాలియెస్టర్‌కు అర శాతం కూడా ఉండదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆ తేడా వీపుకు తెలుస్తుంది. తువ్వాలు ఇంకా నచ్చింది. కొత్తలో నీటిని తోసేస్తూ ఒళ్ళు సరిగా తుడవదు, అందుకని మొదటి వాడకానికి ముందే వేడినీటిలో నానబెట్టి రెండు మూడుసార్లు ఉతకడం మంచిది. దారికి వచ్చాక మాత్రం ముసురు పట్టిన రోజుల్లో కూడా వసారాలో ఆరేస్తే సాయంత్రానికి ఆరిపోయేది, అదే దండెం మీది దళసరి నూలు టర్కీ తువ్వాలు మర్నాటికి కూడా చెమ్మగిల్లి వాసన వేసేది. హెంప్ గుడ్డకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని, చెమట వాసన పట్టదని ప్రకటనలో ఉంది. అది నా ఒంటి మీద రుజువు కాలేదు. రెండో రోజు చొక్కా ఏ నూలు చొక్కాకూ తీసిపోని వాసన వేసింది. ముడతలు కూడా ఎక్కువే.

నాకు కష్టం కలిగించిన సంగతి ఒకటి చెప్పాలి. వెబ్‌సైట్‌లో అది హెంప్ చొక్కా. ఇంటికి వచ్చాక, పక్క కుట్టు లోపల వేలెడంత పట్టీ మీద, 55 శాతం హెంప్, 45 శాతం పత్తి అని ఉంది. ఫిర్యాదు చేస్తే, హెంప్ నూలు ఒక్కటే నేస్తే బిరుసుగా ఉంటుందని, పత్తి కలపడం ఈ వ్యాపారంలో మామూలేనని మర్యాదగా జవాబిచ్చారు. కలపడం మామూలే, నేనూ కాదనను. కొనేముందు కనిపించే చోట ఆ మాట రాయకపోవడం మామూలు కాకూడదు. రెండున్నర వేల పైచిలుకు ధరలో సగానికి దగ్గరగా పత్తికే ఇచ్చినట్టయింది. అంత డబ్బుకు బండారులంక నేతగాళ్ళ దగ్గర మంచి నూలు గుడ్డ రెండు మూడు చొక్కాలకు సరిపడా తీసుకోవచ్చు. పైగా నేసిన మనిషితోనే బేరమాడవచ్చు. కాబట్టి చొక్కా సంగతి కొనేవారి స్తోమతను బట్టి ఉంటుంది, తువ్వాలు మాత్రం ధర పెట్టదగినదే.

చేతిసంచి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సంతలో రొయ్యల నీరు కారి అడుగంతా తడిసిన ప్రతిసారీ సబ్బుతో ఉతికి ఆరేశాను, వాసన పోయింది, బలం తగ్గలేదు. హెంప్ నార తడిసినప్పుడు పత్తిలాగే పటుత్వం నిలుపుకుంటుంది. జనుపనార తడిస్తే కొంత బలహీనపడుతుంది, ఎండలో పసుపెక్కుతుంది. అలా పసుపెక్కేది కూడా అందులోని లిగ్నిన్ వల్లే. గోనెసంచి జోలికి మాత్రం హెంప్ రాలేదు. 75 కిలోల ధాన్యం బస్తా కళ్ళం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి గోదాముకు పోవడానికి చవకైన గట్టి సంచి కావాలి, ఒక సీజను పనిచేస్తే చాలు. ఆహారధాన్యాలకు జనుపనార సంచులే వాడాలని 1987లో కేంద్రం తెచ్చిన చట్టం వల్ల ఆ మార్కెట్టుకు రక్షణ కూడా ఉంది.

రైతులంతా హెంప్ వేస్తే నేల బాగుపడుతుందన్న మాట కూడా పార్సిల్‌తో వచ్చిన కాగితంలో ఉంది. మెరకలో, నీరు ఇంకిపోయే నేలల్లో అది నిజమైతే కావచ్చు. కాని హెంప్ మొక్క నీరు నిలిచే నేలను సహించదు, నత్రజని బాగా కోరుతుంది. ఒక్క వానకే చేలు చెరువులయ్యే డెల్టాకు ఈ లక్షణాలు ఎలా అతుకుతాయో ఆ కాగితం రాసినవారు ఆలోచించినట్టు లేదు. మనం పచ్చిరొట్టకూ పశుగ్రాసానికీ చల్లుకునే జనుము గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. దాని కాడ నుంచే తాళ్ళూ పురికొసలూ పేనే నార కూడా వస్తుంది. లైసెన్సు అక్కర్లేదు.

గింజలు, నూనె గురించి కొంత. 2021లో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెంప్ గింజలను, వాటి నూనెను, పిండిని ఆహారంగా అనుమతించింది. టీహెచ్‌సీ కిలో గింజల్లో 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. కాబట్టి మత్తు భయం అక్కర్లేదు. కుమావూ కొండల్లో ఈ గింజలతో పచ్చడి నూరుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. పొట్టు తీసిన గింజలో మాంసకృత్తులు నూటికి 30 వంతుల పైన, కొవ్వు సగానికి కొంచెం తక్కువ. నువ్వుల్లో మాంసకృత్తులు 18 వంతుల చుట్టూ ఉంటాయి. అంకెల్లో హెంప్‌దే పైచేయి, వంటింట్లో కాదు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి నువ్వులపొడి చేసినట్టు పొడి కొట్టబోతే, మెత్తటి గింజ నూనె కక్కుకుని రోలుకు అంటుకుపోయి ముద్ద అయింది. పెరుగన్నంలోనో ఉప్మా మీదో పచ్చిగానే చల్లుకుంటే బాగుంటుంది, కొంచెం అక్రోటు రుచి తగులుతుంది. ఆకుపచ్చటి ఆ నూనెతో పోపు పెట్టకూడదు, తొందరగా పొగ లేచి చేదెక్కుతుంది. సీసా మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టకపోతే త్వరలోనే పాడైన నూనె వాసన కొడుతుంది. గానుగ నువ్వులనూనె బయటే నెలల తరబడి నిలవ ఉంటుంది, అందులో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాలు దాన్ని కాపాడతాయి. అవిసెగింజలు అంతకంటే చవకగా ఒమేగా-3 కొవ్వును ఇస్తాయి. వాటిని మానేసి దీనికి మారడానికి నాకు కారణం కనిపించలేదు.

ఇటుక మాట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. హెంప్ కాడ నుంచి నార తీసేశాక మిగిలే బెండును సున్నంతో కలిపి కట్టే గోడలు ఫ్రాన్స్‌లో 1980ల చివరి నుంచి ఉన్నాయి. ఎల్లోరా గుహల పూతలో కూడా ఈ మొక్క కలిపారని 2016లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఆ ముద్ద ఘనపు మీటరుకు 300 నుంచి 400 కిలోలే తూగుతుంది, వేడిని బాగా ఆపుతుంది. బరువు మాత్రం మోయదు, స్తంభాలూ దూలాలూ విడిగా వేసుకోవాలి. ఊకతో కాల్చిన ఇటుక ఊరి పక్కనే దొరుకుతుండగా, బెండును అంత దూరం నుంచి లారీలో తెప్పించి ఇల్లు కట్టే స్తోమత ఉన్నవారు ఈ సమీక్ష చదివి నిర్ణయం తీసుకుంటారని అనుకోను.

పార్సిల్‌లో అన్నింటికంటే చవకైనది ముడి నార కట్ట. కొసరు సరుకనుకుని అలమరలో పడేశాను. బోరు మోటారు దగ్గర ఇనుప పైపు జాయింటు కారుతుంటే వచ్చిన ప్లంబరు టెఫ్లాన్ టేపు చుట్టాడు, బిగించాడు, దిశ సరిచేయడానికి కొంచెం వెనక్కి తిప్పేసరికి మళ్ళీ కారింది. అప్పుడు ఈ నార గుర్తుకొచ్చి తెచ్చి ఇచ్చాను. పైపు మరల మీద నాలుగు పోగులు వెంట చుట్టి, సఫేదా (జాయింట్లకు పూసే తెల్ల ముద్ద) పూసి బిగించాడు. నీరు తగలగానే నార ఉబ్బి సందులన్నీ మూసుకున్నాయి, కొంచెం వెనక్కి తిప్పినా చుక్క రాలేదు. ఐరోపాలో చాలామంది ప్లంబర్లు ఈ పనికి ఇప్పటికీ హెంప్ నార వాడతారు. దండెంలో తంటా తెచ్చిన ఉబ్బే గుణమే ఇక్కడ అక్కరకు వచ్చింది; పైగా సఫేదా పూత కప్పి ఉంచుతుంది కాబట్టి చివికే భయమూ తక్కువ. ప్లంబరు మిగిలిన పోగులు అడిగి పట్టుకుపోయాడు. మరో రెండు కట్టలు పంపమని దుకాణానికి రాస్తే, నార విడిగా అమ్మడం ఆపేశామని, తాడుతో కలిపి కొంటేనే పంపుతామని జవాబు వచ్చింది.